డాక్టర్ మరియా మాంటిస్సోరి: చేతివేళ్లతో మొదలైన చదువు

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో కాస్త పెద్ద ఊరు ఏదైనా సరే, మాంటిస్సోరి అన్న పేరున్న బడి బోర్డు ఒకటి కనిపిస్తుంది. ఆ మాట ఒక రకం పాఠశాలకు పేరని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఒక స్త్రీ ఇంటిపేరు. ఇంజనీరు కావాలని చదువు మొదలుపెట్టి, వైద్యురాలై, చివరికి మూడేళ్ల పిల్లలకు అక్షరాన్నీ అంకెనూ ఎలా అందించాలో చూపించిన ఇటలీ దేశస్థురాలు డాక్టర్ మరియా మాంటిస్సోరి. ఆమె వార్ధక్యంలో చాలా ఏళ్లు మన దేశంలోనే, అందులోనూ మనకు దగ్గరలో ఉన్న మద్రాసులో గడిపారని తెలిసినవారు ఇంకా తక్కువ.

స్వర్ణోత్సవం సందర్భంగా మన పూర్వ విద్యార్థుల సంఘం బడిలో శిశు తరగతుల కోసం ఒక గది సమకూర్చాలని తలపెట్టింది. ఆ గదిలో ఏముండాలన్న చర్చ మన వాట్సాప్ బృందంలో జోరుగా నడుస్తోంది. గోడంత తెర పెట్టాలని కొందరు, రంగురంగుల బొమ్మలు వేయించాలని కొందరు, ఏసీ పెట్టించాలని మరికొందరు అంటున్నారు. ఆ చర్చకు పనికివస్తుందన్న ఆశతో ఈ జీవితకథ రాస్తున్నాను. వృత్తిరీత్యా ఇంజనీరును కాబట్టి, ఆమె తయారుచేసిన వస్తువుల గురించి ఒక పాలు ఎక్కువే చెబుతాను.

టీచరు ఉద్యోగం వద్దనుకున్న అమ్మాయి

1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లె అనే చిన్న ఊళ్లో మరియా పుట్టారు. తండ్రి అలెస్సాండ్రో ఆర్థిక శాఖలో ఉద్యోగి. తల్లి రెనిల్దె పుస్తకాలంటే ప్రాణం పెట్టే మనిషి. వాళ్లకు మరియా ఒక్కతే సంతానం. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం మొదట ఫ్లారెన్సుకు, 1875లో రోముకు మారింది.

ఆ కాలంలో చదువుకున్న ఆడపిల్ల చేయదగిన ఉద్యోగం పంతులమ్మ ఉద్యోగమే. మరియాకు అదొక్కటే వద్దనిపించింది. లెక్కలంటే ఇష్టం. 1883లో, పదమూడో ఏట, దాదాపు అందరూ మగపిల్లలే ఉండే సాంకేతిక పాఠశాలలో చేరారు. ఆ తర్వాత సాంకేతిక విద్యాసంస్థలో 1890 దాకా చదివారు. ఇంజనీరు కావాలన్నది అప్పటి కోరిక. చదువు ముగిసే నాటికి మనసు వైద్యం మీదికి మళ్లింది. తండ్రికి అది నచ్చలేదు, తల్లి అండగా నిలిచింది. రోమ్ విశ్వవిద్యాలయంలో ముందు ప్రకృతి శాస్త్రాలు చదివి, అక్కడి నుంచి వైద్యంలోకి వెళ్లారు. మగ విద్యార్థుల మధ్య ఒక యువతి శవపరీక్ష చేయడం మర్యాద కాదన్నారు. అందరూ వెళ్లిపోయాక, సాయంత్రం వేళ, ఆ గదిలో ఒంటరిగా ఆమె ఆ పాఠం నేర్చుకోవలసి వచ్చింది. 1896లో పట్టా చేతికొచ్చింది. ఇటలీలో వైద్య పట్టా అందుకున్న తొలితరం మహిళల్లో ఆమె ఒకరు. అదే ఏడు బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ మహిళా సభకు ఇటలీ ప్రతినిధిగా వెళ్లి, ఆడవాళ్లకు మగవాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలని వాదించారు.

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల దగ్గర నేర్చుకున్నది

యువ వైద్యురాలిగా ఆమె విశ్వవిద్యాలయ మానసిక చికిత్సాలయంలో పనిచేశారు. ఆ పని మీద రోములోని పిచ్చాసుపత్రులకు వెళ్లేవారు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని పెద్ద రోగులతో కలిపి ఖాళీ గదుల్లో ఉంచేవారు. పట్టుకోవడానికీ తిప్పి చూడటానికీ ఆ పిల్లల చేతుల్లో ఏ వస్తువూ ఉండేది కాదు. వీళ్లకు కావలసింది మందు కంటే చదువు అన్న ఆలోచన ఆమెకు అక్కడే కలిగింది.

అప్పటికి చాలాకాలం ముందే ఫ్రాన్స్‌లో ఇటార్, ఆయన శిష్యుడు సెగ్విన్ అనే ఇద్దరు వైద్యులు అలాంటి పిల్లలకు స్పర్శ, చూపు, కదలికల ద్వారా నేర్పే పద్ధతులు రాసిపెట్టారు. మరియా ఆ పుస్తకాల్ని ఇటాలియన్‌లోకి తానే అనువదించుకుంటూ, మొదటి పుట నుంచి చివరి పుట దాకా చేత్తో రాసుకున్నారు. 1900లో అలాంటి పిల్లలకు బోధించే ఉపాధ్యాయుల కోసం రోములో ఒక శిక్షణ పాఠశాల మొదలైంది. డాక్టర్ జ్యుసెప్పె మోంటెసానోతో కలిసి ఆమె దాన్ని నడిపారు. అక్కడి పిల్లల్లో కొందరు చదవడం, రాయడం నేర్చి మామూలు బడి పిల్లలు రాసే పరీక్షలో నెగ్గారు. అందరూ ఆమెను మెచ్చుకుంటుంటే ఆమెకు మాత్రం వేరే సందేహం పట్టుకుంది. ఈ పిల్లలే ఆ మెట్టు ఎక్కగలిగినప్పుడు, ఆరోగ్యంగా ఉన్న మామూలు పిల్లలు అదే మెట్టు దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు? వాళ్లను బడి ఎక్కడో తొక్కిపెడుతోందన్న అనుమానం అది. ఆమె మిగతా జీవితమంతా ఆ ప్రశ్న వెంటే నడిచింది.

అదే కాలంలో ఆమె సొంత జీవితంలో పెద్ద దెబ్బ తగిలింది. మోంటెసానోకూ ఆమెకూ 1898 మార్చి 31న ఒక కొడుకు పుట్టాడు. పేరు మారియో. వాళ్లకు పెళ్లి కాలేదు. ఆ సంగతి బయటపడితే ఆనాటి సమాజంలో ఆమె వృత్తి, పరువు రెండూ పోయేవి. బిడ్డను పల్లెలో ఒక కుటుంబం దగ్గర పెంపకానికి ఉంచారు. మోంటెసానో మరొకరిని పెళ్లి చేసుకున్నారు. 1901లో ఆమె ఆ పాఠశాల వదిలేశారు. అప్పుడప్పుడు వెళ్లి కొడుకుని చూసి వచ్చేవారు గాని తానే తల్లినని చెప్పలేదు. లోకానికి పిల్లల పెంపకం నేర్పిన మనిషికి సొంత బిడ్డను పెంచుకునే భాగ్యం లేకపోయింది. ఈ విషయాన్ని దాచి ఆమె జీవితం రాయడం న్యాయం కాదు.

సాన్ లోరెంజో గది

రోములో రైలు పట్టాల పక్కన సాన్ లోరెంజో అనే పేదల పేట ఉండేది. సగంలో ఆగిపోయిన ఇళ్లు, కిక్కిరిసిన జనం. ఒక గృహనిర్మాణ సంస్థ ఆ భవనాలను బాగుచేసి కూలి కుటుంబాలకు అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు పనికి వెళ్లాక బడి ఈడు రాని పిల్లలు మెట్ల మీదా వరండాల్లోనూ తిరుగుతూ కొత్త సున్నం వేసిన గోడల్ని పాడుచేస్తున్నారు. ఎప్పటికప్పుడు గోడలు బాగుచేయించే కంటే ఒక గదిలో పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చేస్తే చౌక అని సంస్థ లెక్క వేసింది. ఆ పనికి డాక్టర్ మాంటిస్సోరిని పిలిచారు. 1907 జనవరి 6న ఆ గది తెరుచుకుంది. దానికి బాలల ఇల్లు అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. వచ్చినవాళ్లు మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు, యాభై మందికి పైనే. ప్రపంచమంతా పేరు మోసిన పద్ధతి పుట్టింది పేదల వాడలో, గోడలు కాపాడుకోవడానికి పెట్టిన గదిలో.

ఆ గదిని చూసుకోవడానికి కుదిరిన యువతికి ఉపాధ్యాయ శిక్షణ లేదు. మాంటిస్సోరి దాన్ని లోపమని అనుకోలేదు. పాత అలవాట్లు లేని మనిషి కాబట్టి చెప్పింది చెప్పినట్టు చేస్తుందన్నది ఆమె లెక్క. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం చేయించిన వస్తువుల్నే ఇక్కడ పెట్టించి, పిల్లలు ఏం చేస్తారో గమనించడం మొదలుపెట్టారు.

చెక్క దిమ్మెలో పది గుంటలు, వాటిలో సరిగ్గా ఇమిడే పది స్థూపాలు. ఒకదాని కంటే ఒకటి కొంచెం లావు, లేదా కొంచెం పొడుగు. ఒక మూడేళ్ల పాప వాటిని తీసి, కలిపేసి, మళ్లీ గుంటల్లో పెడుతోంది. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించారు. పాప కూర్చున్న కుర్చీని ఎత్తి బల్ల మీద పెట్టారు. పాప వస్తువుల్ని ఒడిలోకి లాక్కుని పని ఆపకుండా కొనసాగించింది. నలభై సార్లకు పైగా చేసి, చివరికి తనంతట తానే ఆపి, నిద్ర లేచినట్టు సంతోషంగా చుట్టూ చూసింది. చిన్నపిల్లలకు నిలకడ ఉండదన్న మాట తప్పని, వాళ్లకు నిలకడ తెచ్చే పని మనం ఇవ్వడం లేదని ఆమెకు ఆ రోజు తోచింది.

మరోరోజు టీచరు ఆలస్యంగా వచ్చింది. వస్తువులుండే బీరువాకు తాళం పడలేదు. పిల్లలు తలుపు తెరిచి ఎవరికి కావలసినవి వాళ్లు తీసుకుని పనిలో మునిగిపోయి ఉన్నారు. టీచరుకు అది దొంగతనంలా కనిపించింది. మాంటిస్సోరికి మాత్రం ఆ పిల్లలకు తమకేం కావాలో తెలుసునని కనిపించింది. ఆ తర్వాత బీరువా పోయి, పిల్లల చేతికందే ఎత్తులో తెరిచి ఉండే అరలు వచ్చాయి.

ఆ స్థూపాల దిమ్మె గురించి ఇంజనీరుగా ఒక మాట చెప్పాలి. మా వర్క్‌షాపుల్లో రంధ్రం కొలత సరిగా వచ్చిందో లేదో చూడటానికి గో, నో-గో గేజ్ వాడతాం. ఒక కొన దూరాలి, రెండోది దూరకూడదు. ఆ పనికి అంకెలు చదవడం రానక్కర్లేదు, పైఅధికారి రానక్కర్లేదు. మాంటిస్సోరి దిమ్మె కూడా అంతే. ఒక్క స్థూపం తప్పు గుంటలో పడితే చివరికి ఒకటి ఎక్కడా పట్టకుండా మిగిలిపోతుంది. తప్పు జరిగిందని వస్తువే చెబుతుంది. టీచరు ఎర్ర సిరా కలం పట్టుకోనక్కర్లేదు, పిల్లవాడు అందరి ముందూ చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఆమె చదివిన సాంకేతిక విద్య ఎక్కడికీ పోలేదని నాకు అనిపిస్తుంది.

అక్షరం

మొదట్లో ఆమెకు ఆరేళ్ల లోపు పిల్లలకు రాత నేర్పాలన్న ఉద్దేశం లేదు. బడిలో పిల్లల మార్పు చూసిన తల్లులే వచ్చి, చదువు రాని తల్లులు కూడా వచ్చి, అక్షరాలు నేర్పమని పట్టుబట్టారు. పూర్వం చెక్కతో చేయించిన అక్షరాల్లాంటివి మళ్లీ చేయించాలంటే ఖర్చు ఎక్కువైంది. అప్పుడు చెక్క నునుపు చేయడానికి వాడే గరుకు కాగితాన్ని అక్షరాల ఆకారంలో కత్తిరించి నున్నటి అట్టల మీద అంటించారు. పిల్లవాడు ఆ అక్షరం మీద, రాసేటప్పుడు చేయి ఎలా తిరగాలో అలాగే, వేళ్లతో దిద్దుతాడు. దిద్దుతూ దాని ధ్వని పలుకుతాడు. వేలు దారి తప్పితే నున్నటి అట్ట తగిలి వెంటనే తెలిసిపోతుంది. కన్ను, చెవి, చేయి మూడూ ఒకేసారి అక్షరాన్ని పట్టుకుంటాయి.

ఇంకోపక్క, అదే పిల్లవాడు లోహపు ఆకారాల అంచుల వెంట పెన్సిలు తిప్పి, లోపల గీతలు నింపుతుంటాడు. అది పెన్సిలు పట్టు కోసం. మూడో పక్క, కత్తిరించిన విడి అక్షరాలున్న పెట్టె ఉంటుంది. మాటను ధ్వనులుగా విడగొట్టి, ఆ ధ్వనుల అక్షరాలను ఏరి చాప మీద పేర్చుకుంటాడు. రాయడం అనే పెద్ద పనిని ఇలా మూడు చిన్న పనులుగా విడదీసి, ఒక్కొక్కదాన్ని విడిగా సాధన చేయించారు. మూడూ సిద్ధమయ్యాక అవి వాటంతట అవే కలుస్తాయని ఆమె నమ్మకం.

1907 డిసెంబరులో ఒక ఎండ కాసిన రోజున అది జరిగింది. పిల్లలతో కలిసి మేడ మీద ఉన్న ఆమె పక్కనున్న అయిదేళ్ల పిల్లవాడికి సుద్దముక్క ఇచ్చి, పొగగొట్టం బొమ్మ గీయమన్నారు. వాడు గీశాడు. ఆమె మెచ్చుకుంటే నవ్వాడు, కాసేపు ఊరుకుని, ఒక్కసారిగా తనకు రాయడం వచ్చని కేకలు పెడుతూ నేల మీద మోకాళ్లపై కూర్చుని చేయి అన్న మాట రాశాడు. ఆపైన పొగగొట్టం, పైకప్పు అన్న మాటలు రాశాడు. అంతవరకు వాడి చేత ఎవరూ మాట రాయించలేదు. వాడి కేకలకు మిగతా పిల్లలు పోగై, వాళ్లలోనూ కొందరు సుద్ద తీసుకుని రాయడం మొదలుపెట్టారు. నాలుగేళ్ల పిల్లలకు ఈ సన్నాహం మొదలైన నెల, నెలన్నరకు మొదటి మాట రాయడం వస్తోందని, అయిదేళ్ల వాళ్లకు నెల చాలునని ఆమె లెక్క రాసిపెట్టారు.

చదవడం రాత తర్వాత వచ్చింది. ఆమె బొమ్మల పేర్లు చీటీల మీద రాసి, చదవగలిగిన పిల్లవాడు ఆ బొమ్మ తీసుకుని ఆడుకోవచ్చునన్నారు. పిల్లలు బొమ్మల్ని పక్కన పెట్టి, ఇంకా చీటీలు కావాలని అడిగారు.

ఈ పద్ధతి ఇటాలియన్‌లో అంత సులువుగా సాగడానికి ఒక కారణం ఆ భాషలో రాతకూ పలుకుకూ ఉన్న దగ్గరితనం. ఆ మేలు మన తెలుగుకు ఇంకా ఎక్కువ ఉంది. మనకు అక్షరం పేరే దాని ధ్వని. క అక్షరం పేరు క. ఇంగ్లిషులో అక్షరం పేరు ఒకటి, పలికేది ఇంకొకటి. మూడేళ్ల పిల్లలకు ముందుగా ఇంగ్లిషు అక్షరాల పేర్లు వల్లె వేయించి, నాలుగు గీతల కాపీ పుస్తకంలో పుటలు నింపించడం ఇప్పుడు మన ఎల్‌కేజీల్లో మామూలైపోయింది. మాంటిస్సోరి పేరున్న బోర్డుల కింద కూడా అదే జరుగుతోంది. ఆ పేరు వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

మన పాత పద్ధతిలో ఇందుకు దగ్గరి చుట్టం ఒకటుంది. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి బిడ్డ వేలు పట్టి దిద్దిస్తాం. వీధి బడుల్లో ఇసుక పరిచి దిద్దించేవారు. వేలు ముందు, బలపం తర్వాత అన్న క్రమం మన పెద్దలకు తెలుసు. మనం దాన్ని ఒక్కరోజు వేడుకగా మిగిల్చి, మర్నాటి నుంచే పెన్సిలు చేతికిస్తున్నాం.

అంకె

లెక్కలకు కూడా ఆమె దారి అదే. గుర్తు కంటే ముందు పరిమాణం చేతికి తెలియాలి. పది కర్రలు. మొదటిది 10 సెంటీమీటర్లు, రెండోది 20, అలా పదోది ఒక మీటరు. ప్రతి పది సెంటీమీటర్లకూ ఎరుపు, నీలం రంగులు మారుతుంటాయి. అయిదు అంటే నోటితో అనే మాట మాత్రమే కాదు, రెండు చేతులతో మోసే పొడవు కూడా అని పిల్లవాడికి తెలుస్తుంది. తొమ్మిది పక్కన ఒకటి పెడితే పదికి సమానం అవుతుంది, ఎనిమిది పక్కన రెండు పెట్టినా అంతే. కూడిక పాఠం చెప్పకముందే కూడిక కళ్ల ముందు ఉంటుంది.

తర్వాత అరల పెట్టె. సున్న నుంచి తొమ్మిది దాకా అంకెలు రాసిన పది అరలు, నూలు వడికే కదుళ్లలాంటి 45 పుల్లలు. ఒకటి అని రాసిన అరలో ఒకటి, రెండులో రెండు అలా వేస్తూ పోవాలి. ఒకటి నుంచి తొమ్మిది దాకా కూడితే 45. ఎక్కడైనా తప్పు వేస్తే చివర్లో పుల్లలు మిగులుతాయి, లేదా చాలవు. ఇక్కడా తప్పు చూపేది వస్తువే. సున్న అర ఖాళీగా ఉండిపోతుంది. ఖాళీని కూడా ఒక లెక్కగా పిల్లవాడు మొదటిసారి చూసేది అక్కడే.

సున్న కోసం ఆమె ఒక ఆట ఆడించేవారు. చీటీ తీసి, అందులో ఎంత ఉంటే అన్ని వస్తువులు తెచ్చుకోవాలి. సున్న వచ్చిన పిల్లవాడు మిగతా అందరూ పరుగెడుతుంటే కదలకుండా కూర్చోవాలి. ఒక్కోసారి సున్న సార్లు తన దగ్గరికి రమ్మని పిలిచేవారు. మొదట్లో పిల్లలు పరుగున వచ్చేవారు. వచ్చావంటే ఒకసారి వచ్చినట్టే కదా అని వివరించాక, పిలిచినా నవ్వు బిగబట్టి నిలబడేవారు. పూజ్యం అని మన పెద్దలు పిలిచిన సున్నను నాలుగేళ్ల పిల్లలకు ఇంత సులువుగా చెప్పిన పాఠం మరొకటి నాకు తెలియదు.

తర్వాతి సంవత్సరాల్లో బంగారు రంగు పూసలు వచ్చాయి. ఒక పూస ఒకటి. పది పూసల తీగ పది. పది తీగలు కలిపితే చదరం, అది వంద. పది చదరాలు పేరిస్తే ఘనం, అది వెయ్యి. వెయ్యి అంటే ఎంతో పిల్లవాడు ఎత్తి చూస్తాడు. ఆ బరువుకు తోడుగా అంకెల అట్టలు ఉంటాయి. ఒకట్లు, పదులు, వందలు వేర్వేరు రంగుల్లో. మన చిన్న తరగతుల టీచర్లందరికీ ఒక తప్పు బాగా తెలుసు. మూడు వందల నలభై అయిదు రాయమంటే పిల్లలు 300405 అని రాస్తారు. విన్నది విన్నట్టు రాశారు, వాళ్ల తర్కంలో తప్పులేదు. మాంటిస్సోరి అట్టల్లో 300 మీద 40, దాని మీద 5 కుడి అంచులు కలిపి పేరిస్తే 345 కనిపిస్తుంది. అట్టలు విడదీస్తే సున్నలు మళ్లీ బయటపడతాయి. స్థానం విలువ అనే పాఠం ఒక్క చేతి కదలికలో ముగుస్తుంది.

కీర్తి, విమర్శ, ప్రవాసం

1909లో తన పద్ధతిని వివరిస్తూ ఆమె పుస్తకం రాశారు. 1912లో ఇంగ్లిషు అనువాదం రావడంతో పేరు అమెరికా దాకా పాకింది. 1913లో అక్కడికి వెళ్లి న్యూయార్క్ కార్నెగీ హాలులో ఉపన్యసించారు. 1915లో సాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల తరగతి గదిని జనం బయట నిలబడి చూశారు. అంతలోనే, 1914లో, కిల్‌పాట్రిక్ అనే విద్యాశాస్త్ర ఆచార్యుడు ఆమె పద్ధతిని గట్టిగా విమర్శిస్తూ పుస్తకం రాశారు. వస్తువులు మరీ తక్కువ రకాలని, పిల్లల ఊహకు చోటు లేదని ఆయన అభ్యంతరం. అమెరికాలో ఆ పద్ధతి చాలా ఏళ్లపాటు మరుగున పడింది.

1912లో తల్లి చనిపోయాక, పదిహేనేళ్ల కొడుకు మారియోను ఆమె తన దగ్గరికి తెచ్చుకున్నారు. అప్పటి నుంచి అతడే కుడిభుజం. బయటివాళ్లకు మాత్రం దగ్గరి బంధువని పరిచయం చేసేవారు.

1924 నుంచి ముస్సోలినీ ప్రభుత్వం ఆమె బడులకు అండగా నిలిచింది, ఆమె దాన్ని స్వీకరించారు. పద్ధతి వ్యాప్తి చెందితే చాలునన్న ఆశ ఆమెది. బడులను తన పార్టీకి తగ్గట్టు మలచుకోవాలన్నది ఆ ప్రభుత్వ ఉద్దేశం. పదేళ్లకు పొత్తు చెడింది. 1934లో ఇటలీలో ఆమె బడులు మూతపడ్డాయి, ఆమె దేశం విడిచారు. జర్మనీలో నాజీలు అంతకుముందే మూయడం మొదలుపెట్టారు. స్పెయిన్‌లో ఉంటుండగా 1936లో అంతర్యుద్ధం వచ్చింది. చివరికి నెదర్లాండ్స్ చేరారు.

మద్రాసులో

మన దేశంలో ఆమె పేరు అప్పటికే తెలుసు. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లోనే బాలమందిరం ప్రారంభించి, ఆమె పద్ధతిని మన పిల్లలకూ మన కథలకూ తగినట్టు మలిచారు. 1931 అక్టోబరులో లండన్‌లో ఆమె శిక్షణ కళాశాలలో మాట్లాడిన గాంధీజీ, ఈ చదువు ఉన్నవాళ్ల పిల్లలకే కాక నిరుపేదల పిల్లలకూ అందాలన్న ఆశ వెలిబుచ్చారు.

1939లో దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జ్ అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి ఆహ్వానంపై మాంటిస్సోరి, మారియో మద్రాసు అడయారు వచ్చారు. ఆమెకు అప్పటికి 69 ఏళ్లు. తాటాకు పాకల్లో శిక్షణ తరగతులు జరిగాయి. మూడు వందల మందికి పైగా చేరారు. ఆమె ఇటాలియన్‌లో చెబితే మారియో ఇంగ్లిషులో చెప్పేవారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే కాబట్టి, ఆమె మన రాజధానిలోనే ఉన్నారన్నమాట.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగడంతో వాళ్లిద్దరూ శత్రుదేశస్థులయ్యారు. మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించారు. ఆమెను అడయారు దాటకుండా కట్టడి చేశారు. ఆగస్టు 31న ఆమెకు డెబ్బై నిండాయి. ఆ రోజు వైస్రాయి నుంచి తంతి వచ్చింది. పుట్టినరోజు కానుకగా కొడుకును ఆమెకు తిరిగి అప్పగిస్తున్నట్టు అందులో ఉంది. నలభై ఏళ్లకు పైగా దాచిన బంధాన్ని ఒక ప్రభుత్వం ఉన్నదున్నట్టు కొడుకు అని రాసింది. ఆ కాగితం ఆమెకు ఎంత విలువైనదో మనం ఊహించుకోవలసిందే.

యుద్ధకాలమంతా మన దేశంలోనే గడిచింది. కొంతకాలం కొడైకెనాల్‌లో ఉండి అక్కడ పెద్ద పిల్లల చదువు మీద పనిచేశారు. అహ్మదాబాద్, శ్రీనగర్, కరాచీలలో తరగతులు నడిపారు. ఆ ఏళ్లలో ఆమె దగ్గర శిక్షణ పొందినవారు వెయ్యి మందికి పైమాటే. 1946లో యూరప్ వెళ్లి, 1947లో మళ్లీ వచ్చారు. ఇక్కడి ఉపన్యాసాలే తర్వాత పుస్తకాలయ్యాయి. మన విజయవాడలో కోటేశ్వరమ్మ గారు 1955లో మాంటిస్సోరి పేరుతో బడి ప్రారంభించి, జీవితాంతం విద్యారంగంలో కృషి చేసి, 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

శాంతి బహుమతికి ఆమె పేరు 1949, 1950, 1951లలో మూడుసార్లు నోబెల్ కమిటీ ముందుకు వెళ్లింది, బహుమతి రాలేదు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లోని నార్డ్‌వైక్ అనే సముద్రతీరపు ఊళ్లో, 81వ ఏట కన్నుమూశారు. సమాధి అక్కడే ఉంది. 1990లో ఇటలీ తన వెయ్యి లీరాల నోటు మీద ఆమె బొమ్మ ముద్రించింది.

మన గది సంగతి

పై జీవితాన్నిబట్టి మన శిశు తరగతి గదికి కొన్ని సూచనలు చేస్తాను. తెర మీద అక్షరం గీసే బొమ్మను పిల్లవాడు చూడగలడు, కానీ అందులో వాడి వేలికి పనిలేదు. తెర తప్పు సరిదిద్దినా, ఆ తప్పు చేతికి తెలియదు. కాబట్టి మొదటి ఖర్చు చేతికి పనిచ్చే వస్తువుల మీద పెడదాం. అంకెల కర్రలు, అరల పెట్టె, స్థూపాల దిమ్మె మంచి వడ్రంగి చేయగలడు, కొలతలు మాత్రం కచ్చితంగా ఉండాలి. ఆ డ్రాయింగులు గీసి, తయారైనవి కొలిచి చూసే బాధ్యత మన ఇంజనీరు మిత్రులం తీసుకోవచ్చు. గరుకు అక్షరాలు తెలుగులో చేయించాలి. అచ్చులు ఒక రంగు, హల్లులు ఒక రంగు, గుణింతపు గుర్తులు మరో రంగు అట్టల మీద ఉంటే దీర్ఘం, గుడి, కొమ్ము పిల్లల కంటికి విడిగా కనిపిస్తాయి. పూసల్ని కుట్టడానికి మన బ్యాచ్‌ల ఆడపడుచులు, మగవాళ్లు కలిసి రెండు ఆదివారాలు కూర్చుంటే సరిపోతుంది. అరలు పిల్లల ఎత్తులో ఉండాలి, తాళాలు వద్దు.

దీనికంటే పెద్ద ఖర్చు టీచర్లది. వస్తువులు అరల్లో పెట్టి, పక్క పీరియడ్‌లో కాపీ పుస్తకాలు నింపిస్తే పెట్టిన డబ్బంతా వృథా. ఇద్దరు టీచర్లను శిక్షణకు పంపి, తిరిగి వచ్చాక కనీసం రెండేళ్లు వాళ్లకు ఆ తరగతినే వదిలేయాలి. ఏడాది చివర ఎన్ని పుటలు రాశారని తల్లిదండ్రులు అడిగినప్పుడు, టీచర్ల తరఫున జవాబు చెప్పే బాధ్యత సంఘం తీసుకోవాలి.

మాంటిస్సోరి మొదటి గది కూలివాళ్ల పిల్లలది. మన బడికి ఇప్పుడు వస్తున్న పిల్లల్లో ఎక్కువమంది ఎవరి పిల్లలో మనకు తెలుసు. వాళ్లకు ఈ చదువు ఉచితంగా, పూర్తిగా అందాలన్నదే నా కోరిక. శిశు తరగతులు చెబుతున్న, చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న మన గురువులు తమ అనుభవాలు సంఘానికి రాసి పంపాలని ప్రార్థన. కొనే వస్తువుల జాబితా వాటిని చూశాకే ఖరారు చేద్దాం.